పెంట పోసిన చెలక, బస్తా చల్లిన చెలక

సైన్సు వ్యాసం అనగానే అందరూ గ్రహాల గురించి రాస్తారు. నేను మన కాళ్ళ కింది మట్టి గురించి రాస్తున్నాను. మనలో చాలామంది చేవెళ్ల, మొయినాబాద్ వైపు టమాట, క్యారెట్, పత్తి, మక్క మీద బతికే ఇండ్ల నుంచి వచ్చినవాళ్ళమే కదా!

ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి పిండిపదార్థం చేస్తుందని చదువుకున్నాం. అందులోని కర్బనమే వేరుగా, కొయ్యకాలుగా, పశువు మేసిన తర్వాత పేడగా మట్టిలోకి చేరుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. తిన్నదాంట్లో ఎక్కువభాగం వాటి ఊపిరితో మళ్ళీ గాలిలోకే పోతుంది. మిగిలిన కొంచెం బంకమట్టి రేణువులకు అతుక్కొని ఏండ్లకేండ్లు ఉంటుంది. నల్లరేగడిలో బంకమట్టి ఎక్కువ. మన ఎర్ర చెలకలో ఇసుక ఎక్కువ, పైగా ఎండలు, మాటిమాటికీ దున్నుడు. అందుకే కర్బనం నిలవదు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం అర శాతం దాటకపోతే "తక్కువ" అని రాస్తారు.

"యూరియా భూమిని చంపుతది" అని మా తండాలో పెద్దోళ్ళు అంటరు. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. ఎరువుతో పైరు ఏపుగా పెరిగితే వేర్లూ పెరుగుతాయి, ఆ వేర్లు మట్టికే దక్కుతాయి. కాని నత్రజని ఒక్కటే గుప్పితే కథ వేరు. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో 1970ల నుంచి ఒకే చేనులో పరీక్ష చేస్తున్నారు. అక్కడ నత్రజని మాత్రమే వేసిన మడిలో నేల పులిసిపోయి, కొన్నేండ్లకు మక్క, గోధుమ రెండూ పండడం మానేశాయి.

ఇంకా పాత పరీక్ష ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో ఉంది. అది 1843లో మొదలైంది. గోధుమ చేనులో ఏటా హెక్టారుకు 35 టన్నుల పెంట పోసిన మడిలో కర్బనం, ఏమీ వేయని మడికన్నా రెండింతలు దాటింది. బస్తా ఎరువులే వేసిన మడిలో కొంచెమే పెరిగింది. 35 టన్నులంటే ఎకరానికి సుమారు 14 టన్నులు. ఎడ్లు అమ్ముకున్న మన ఊర్లలో అంత పెంట ఎక్కడిది? అదీగాక, పెంటలోని కర్బనం వేరే చోటి గడ్డిది. అక్కడ తరిగి ఇక్కడ పెరిగిందనే అనుకోవాలి.

అక్కడే బార్లీ చేనులో ఒక మడికి 1852 నుంచి 1871 వరకు పెంట పోసి ఆపేశారు. నూరేండ్లు దాటినా ఆ మడిలో కర్బనం, ఎన్నడూ పెంట పోయని మడికన్నా ఎక్కువే! అది చలిదేశం, మన ఎండలకు అంతకాలం ఆగదు. అయినా పోసినవాడు పోయినా పెంట బలం ఉందన్నమాట.

చిక్కంతా ఇక్కడే ఉంది. మా బాపు మొయినాబాద్ దిక్కు రెండెకరాలు ఏడాది కౌలుకు చేస్తడు. పోయిన ఎండాకాలం మా యాడి ట్రాక్టర్ పెంట తోలిద్దాం అన్నది. "పెంట సత్తువ మూడేండ్లుంటది, భూమి మన చేతిల వచ్చే ఉగాది దాకనే. ఎవరికోసం పొయ్యాలె?" అన్నడు బాపు. యూరియానే తెచ్చిండు. ఆయన లెక్క తప్పని నేననలేను. మూడేండ్ల కౌలు కాగితం ఉంటే ఆయన లెక్క మారేది.

పెంట లేనోళ్ళకు వేరే దారులు లేకపోలేదు. మనకు దగ్గర్లోని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో మక్కలో కంది వంటి జోడు పంటలు, తగినంత ఎరువు, వాననీటిని పట్టే వెడల్పు బోదెలతో సేద్యం చేశారు. 24 ఏండ్ల తర్వాత నాలుగడుగుల లోతు దాకా చూస్తే హెక్టారుకు 46.8 టన్నుల కర్బనం ఉంది. పాత పద్ధతి చేనులో 39.5 టన్నులే. మన ఎర్ర నేలకు చెరువు పూడిక మట్టి తోలితే బంకమట్టి కూడా కలుస్తుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలామంది తోలుకున్నారు.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. మన వంటశాల వెనుక రోజూ కూరగాయల తొక్కలు పారేస్తున్నాం. ఒక కంపోస్టు గుంత, పక్కన రెండు చిన్న మడులు ఇప్పించండి. ఒకదానికి కంపోస్టు, ఒకదానికి యూరియా వేసి, ఏటా జూన్‌లో మట్టి పరీక్షకు పంపుతాం. మేం పదో తరగతి అయిపోయి వెళ్ళినా, ఆరో తరగతి తమ్ముళ్ళు లెక్క రాస్తామన్నారు.