ఏ123 సిస్టమ్స్

ఏ123 సిస్టమ్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2001లో స్థాపించబడిన లిథియం అయాన్ బ్యాటరీల తయారీ సంస్థ. 2009లో దీని వాటాలకు (షేర్లకు) మదుపరుల నుండి విశేషమైన ఆదరణ లభించినది. మూడేళ్ళు గడచిన వెంటనే, 2012 అక్టోబరులో, సంస్థ దివాలా తీసినది. సాంకేతికత మేలైనదైనంత మాత్రాన ఆ సంస్థలో పెట్టుబడి లాభించదనుటకు ఇది ఒక ముఖ్యమైన ఉదాహరణ.

స్థాపన

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు యెట్-మింగ్ చియాంగ్, బార్ట్ రైలీ మరియు రిక్ ఫులోప్ దీని వ్యవస్థాపకులు. సూక్ష్మ కణాల మధ్య పనిచేసే బలాలను లెక్కించుటకు వాడే హమాకర్ స్థిరాంకపు గుర్తు నుండి ఈ పేరు వచ్చినది.

సాంకేతికత

ఈ బ్యాటరీలలో ధన ఎలక్ట్రోడు లిథియం ఐరన్ ఫాస్ఫేటుతో చేయబడుతుంది. కోబాల్టు కలిగిన బ్యాటరీలతో పోల్చితే ఇది అదే బరువుకు తక్కువ శక్తిని నిల్వ చేస్తుంది. కాని వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ పదార్థానికి విద్యుద్వాహకత తక్కువ. దానిని అతి సూక్ష్మ కణాలుగా మార్చి సంస్థ ఈ లోపాన్ని అధిగమించినది. మొదట బ్లాక్ అండ్ డెకర్ సంస్థ వారి డివాల్ట్ విద్యుత్ పనిముట్లలో ఈ బ్యాటరీలు వాడబడినవి.

పెట్టుబడులు

2009 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మిషిగన్‌లో కర్మాగారాల నిర్మాణానికి 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించినది. సెప్టెంబరులో సంస్థ ఒక్కొక్కటి 13.50 డాలర్ల చొప్పున వాటాలు అమ్మి సుమారు 38 కోట్ల డాలర్లు సమీకరించినది. తొలిరోజే వాటా ధర 20.29 డాలర్ల వద్ద ముగిసినది. అయితే అప్పటికి సంస్థ ఏనాడూ వార్షిక లాభం గడించలేదు. అదే సంవత్సరం జనవరిలో జనరల్ మోటార్స్ తన వోల్ట్ కారు బ్యాటరీలకు కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్‌ను ఎంచుకొన్నది.

పతనం

2011లో అమ్మకాలు సుమారు 15.9 కోట్ల డాలర్లు కాగా, నికర నష్టం సుమారు 25.8 కోట్ల డాలర్లు. అనగా ప్రతి డాలరు అమ్మకానికి ఒకటిన్నర డాలరుకు పైగా నష్టం. ప్రధాన కొనుగోలుదారు అయిన ఫిస్కర్ ఆటోమోటివ్‌లో ఏ123 తానే వాటాలు కొన్నది. ఫిస్కర్ 2011 చివరలో కొనుగోళ్ళు తగ్గించగా రెండు విధాలా దెబ్బ తగిలినది. 2012 మార్చిలో లివోనియా కర్మాగారంలోని ఒక వెల్డింగు యంత్రపు అమరికలో తేడా వలన లోపభూయిష్టమైన బ్యాటరీలను మార్చి ఇవ్వవలసి వచ్చినది. దీనికి 5.5 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని సంస్థ అంచనా వేసినది.

2012 డిసెంబరులో జరిగిన వేలంలో చైనాకు చెందిన వాన్‌షియాంగ్ 25.66 కోట్ల డాలర్లకు ఆస్తులలో అధిక భాగాన్ని దక్కించుకొన్నది. ఆ సొమ్ము ముందుగా అప్పులవారికి చెందుతుంది కనుక వాటాదారులకు ఏమీ మిగలలేదు. 1,350 డాలర్లతో వంద వాటాలు కొని చివరివరకు ఉంచుకొన్నవారికి ఆ మొత్తమంతా పోయినది.

మదుపరులు పరిశీలించవలసిన అంశాలు

* కొనుగోలుదారులు: ఎందరు ఉన్నారు? వారి ఆర్థిక స్థితి ఎట్టిది? ఒక్కరు తప్పుకుంటే వ్యాపారం నిలుస్తుందా?
* తయారీ: ప్రయోగశాలలో పనిచేసిన ఘటాన్ని లక్షల సంఖ్యలో దోషం లేకుండా తయారు చేయగలరా?
* నగదు: లాభాలు వచ్చేవరకు చేతిలోని సొమ్ము సరిపోతుందా? లేనిచో కొత్త వాటాల జారీ వలన పాతవారి భాగం తగ్గుతుంది.
* ప్రభుత్వ సాయం: గ్రాంటుతో కర్మాగారం కట్టవచ్చును గాని కొనుగోలుదారులు రారు.

తరువాతి పరిణామాలు

ఏ123 వాన్‌షియాంగ్ యాజమాన్యంలో కొనసాగినది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు మాత్రం ఓడిపోలేదు. చైనాకు చెందిన బీవైడీ 2020లో దానితో బ్లేడ్ బ్యాటరీని విడుదల చేసినది. టెస్లా కూడా అదే సంవత్సరం చైనాలో తయారైన మోడల్ 3 కార్లలో ఆ రసాయనాన్ని వాడటం మొదలుపెట్టినది. ఆ రసాయనంపై ఏ123 మదుపరులు పెట్టుకొన్న నమ్మకం ఆ విధంగా నిజమైనది, కాని ఆ ఫలితం ఇతర సంస్థలకు దక్కినది.