ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాములో వేగం, మెమరీ

గుప్తీకరణ గణితాన్ని ప్రోగ్రాముగా రాసేటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. అవసరమైన విలువను ప్రతిసారీ లెక్కకట్టాలా, ముందే లెక్కకట్టి మెమరీలో దాచుకోవాలా? పదమూడో ఎక్కం వచ్చినవాడు పదమూడేళ్లు అనగానే 91 అంటాడు. రానివాడు ఏడుసార్లు కూడుకుంటాడు. అతనికి ఆలస్యమే తప్ప, గుర్తుంచుకోవలసిన భారం లేదు.

2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్‌ను తీసుకుందాం. ఇందులో ఒక బైటు స్థానంలో మరో బైటును ఉంచే ఎస్-బాక్స్ పట్టిక 256 బైట్లు. ఆ మార్పిడినీ, తర్వాత వచ్చే గుణకారాన్నీ కలిపి ముందే లెక్కకడితే 1 కిలోబైటు చొప్పున నాలుగు పట్టికలు తయారవుతాయి. అప్పుడు ఒక రౌండులో మిగిలే పని 16 సార్లు పట్టిక చూడడం, వచ్చిన విలువలను ఎక్సార్ చేయడం. నిజానికి ఈ నాలుగూ ఒకే పట్టికను బైటు చొప్పున జరిపినవే. కాబట్టి ఒక్కటే ఉంచుకొని, విలువలను తిప్పుకుంటూ 1 కిలోబైటుతో సరిపెట్టుకోవచ్చు. కీల విషయమూ ఇంతే. 128 బిట్ల కీ నుంచి వచ్చే 11 రౌండు కీలనూ దాచుకుంటే 176 బైట్లు. ఎన్‌క్రిప్షన్ సాగుతుండగా ఒక్కొక్కటే తయారుచేసుకుంటే సుమారు 16 బైట్లు చాలు.

ఇప్పుడు కృత్తివెన్ను వైపు ఒక రొయ్యల చెరువులో ఆక్సిజన్‌ను కొలిచి పంపే పరికరాన్ని మీరు తయారుచేస్తున్నారనుకోండి. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ ఎవరైనా తప్పుడు అంకెను చొప్పిస్తే ఏరేటర్లు తిరగవు, రైతుకు పంట దక్కదు. తప్పుడు అంకెను పట్టుకునే ధ్రువీకరణ కోడ్‌నూ ఏఈఎస్‌తోనే తయారుచేయవచ్చు కనుక ఈ ప్రోగ్రాము ఆ చిన్న చిప్‌లో ఇమడాలి. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌కు ర్యామ్ 2 కిలోబైట్లే. నాలుగు పట్టికలు అందులో పట్టవు. 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో పడతాయి గాని, 8 బిట్ల ప్రాసెసర్ 32 బిట్ల విలువను ఒక్కసారిగా తీసుకోలేదు కాబట్టి వాటివల్ల రావలసిన లాభం చాలావరకు రాదు. అసలు వేగం అంత అవసరమా? ఈ చిప్ 16 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ఒక బ్లాకుకు 10,000 క్లాక్ సైకిళ్లు పట్టినా, అది సెకనులో 1,600వ వంతు. పది నిమిషాలకొక అంకె పంపే పరికరానికి అది చాలదా? ఇక్కడ ఎస్-బాక్స్ ఒక్కటే ఫ్లాష్‌లో ఉంచడం సరైన నిర్ణయం.

ఇలాంటి వేల చెరువుల సమాచారాన్ని అందుకునే విజయవాడలోని సర్వర్ సంగతి వేరు. అక్కడ మెమరీకి కొరత లేదు, వేగం కావాలి. పట్టిక పెద్దదైతే మేలని విద్యార్థులు తరచూ రాస్తారు. అది సగమే నిజం. పట్టికలో ఏ గడిని చూస్తామన్నది కీపై ఆధారపడుతుంది. క్యాష్‌లో ఉన్న గడి త్వరగా, లేనిది ఆలస్యంగా అందుతుంది. ఈ కాలవ్యత్యాసాన్ని కొలిచి కీని రాబట్టవచ్చని 2005లో డేనియల్ బెర్న్‌స్టీన్ చూపించారు. అందుకే సర్వర్‌లో ప్రాసెసర్‌లోనే ఉండే ఏఈఎస్ ఆదేశాలను వాడాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇవి 2010 నుంచి వస్తున్నాయి, వీటికి మెమరీలో పట్టికే అక్కర్లేదు.

చెరువు గట్టు మీది చిప్‌లో క్యాష్ లేదు, కాబట్టి అక్కడ ఈ దాడికి తావు లేదు. అయితే ఆ పరికరం దొంగచేతికి చిక్కితే, అది వాడే విద్యుత్తును కొలిచి కీని కనిపెట్టే మరో దాడి ఉంది. దాన్ని తర్వాతి భాగంలో పరిశీలిద్దాం.