శ్రుతి తల్లి, లయ తండ్రి



మొన్న ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చినది. "శాస్త్రిగారూ! ఆరు నెలలుగా పిల్లను సంగీతానికి పంపుతున్నాము. సరిగమలే తప్ప స్వామివారి కీర్తన ఒక్కటీ రాలేదు. మానిపించేద్దామా అనుకుంటున్నాము" అని ఆమె విన్నవించినది. ఆ బిడ్డ తల వంచుకొని నిలిచియున్నది. మాకు మా పాఠశాల దినములు స్మరణకు వచ్చినవి. ఒక్క పనసకు మా గురువుగారు ఎన్ని సంథలు చెప్పించెడివారో! నాడు మేమును విసిగినవారమే. ఆమెకు చెప్పిన సమాధానమునే నేడు మీ యందరి కొరకు కొంత విస్తరించి చెప్పుచున్నాము.

సంగీతమునకు మూలము నాదము. అది ఆహతమనియు, అనాహతమనియు రెండు విధములు. తంత్రిని మీటినపుడు, మృదంగమును వాయించినపుడు, కంఠమునుండి ఊపిరి వెలువడినపుడు పుట్టునది ఆహతము. ఏ తాకిడియు లేక యోగుల హృదయమున మ్రోగునది అనాహతము. మనము పాడునది, వినునది ఆహత నాదమే. అందుకే త్యాగరాజస్వామి (1767–1847) చిత్తరంజని రాగ కీర్తనలో శంకరుని నాదమే శరీరముగా గలవానిగా కొలిచినారు.

ఇక శ్రుతి. గురుముఖమున వినబడునది గనుక వేదమునకు శ్రుతియని పేరు. సంగీతమున పాటకు ఆధారమై ఆద్యంతము నిలిచియుండు ధ్వనిని శ్రుతి యందురు. తంబురా నాలుగు తంత్రులును పంచమ షడ్జములనే పలుకుచు ఆ ఆధారమును నిలుపుచుండును. ఒక స్థాయిలోని 22 సూక్ష్మ ధ్వనిభేదములకును శాస్త్రమున శ్రుతులనియే పేరు. రెంటిని కలిపి తికమకపడరాదు.

మా యౌవనమున ఒక దేవాలయ భజనలో వేదపాఠి నను ధీమాతో గొంతెత్తి పాడితిమి. తంబురా మీటుచున్న వృద్ధ భాగవతుడు మా చేయి పట్టుకొని, "నాయనా! ముందు విను, తరువాత పాడు" అన్నాడు. సిగ్గుపడితిమి. శ్రుతి యను మాటకు అర్థము అంతకుమించి మాకెవ్వరును చెప్పలేదు. తన గొంతును తగ్గించి ఆధార ధ్వనిలో కలుపుటయే శ్రుతి శుద్ధి. కంఠము మధురముగా లేనివారికిని అది సాధ్యమే.

శ్రుతిని ఆశ్రయించి పుట్టునవి స్వరములు. షడ్జము, రిషభము, గాంధారము, మధ్యమము, పంచమము, ధైవతము, నిషాదము అని ఇవి ఏడు. వీని తొలి పలుకులే సరిగమపదని. షడ్జ పంచమములు మార్పులేనివి. తక్కిన ఐదింటికి హెచ్చుతగ్గు భేదములుండుటచే మొత్తము 12 స్వరస్థానములు ఏర్పడినవి. వేదమున ఉదాత్తము, అనుదాత్తము, స్వరితము అని స్వరములు మూడు. ఉదాత్తమున నిషాద గాంధారములు, అనుదాత్తమున రిషభ ధైవతములు, స్వరితమున షడ్జ మధ్యమ పంచమములు పుట్టినవని పాణినీయ శిక్ష చెప్పుచున్నది. కావున ఈ రెండు విద్యలు ఒక ఇంటివే.

స్వరములు క్రమముగా పైకి పోవుట ఆరోహణము, క్రిందికి దిగుట అవరోహణము. ఈ నడక, గమకములు, ముఖ్య ప్రయోగములు కలిసి మనస్సును రంజింపజేసినపుడు అది రాగమగును. మోహన రాగమునకు సరిగపద యను ఐదు స్వరములే చాలును. అభ్యాసమునకు మాయామాళవగౌళ రాగమును పెట్టినవారు పురందరదాసులవారని సంప్రదాయము. అందు సరిగమ లెట్లు నడచునో పదనిస లట్లే నడచును. ఒక సగము పట్టుబడిన బాలునకు రెండవ సగము అలవడుట సులభము.

పాట నడకలోని సమానమైన కాలగతి లయ. దానిని చేతితో కొలుచు కొలత తాళము. ఆదితాళమునకు 8 అక్షరములు. ఒక దెబ్బ, మూడు వ్రేళ్ళ లెక్కతో నాలుగు. దెబ్బవేసి చేయి త్రిప్పుట రెండు మారులు చేయగా మరి నాలుగు. విలంబ, మధ్య, ద్రుత కాలములలో దేనియందు పాడినను ఆ కొలత చెదరరాదు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలు అన్నది ఇందుకే. తల్లి ఒడి విడిచినను, తండ్రి చేయి విడిచినను పాట దారి తప్పును.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. తాళ్ళపాక అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలు వేలకొలది తిరుమలలో రాగిరేకులపై నిలిచినవి. రేకులపై రాగముల పేర్లున్నవి. స్వరములు మాత్రము లేవు. పాడు పరంపర నడుమ తెగిపోయినందున, అధిక భాగమునకు ఆయన పాడిన వరుస మనకు దక్కలేదు. నేడు మనము వినుచున్న వరుసలు చాలవరకు 20వ శతాబ్ది విద్వాంసులు కూర్చినవి. వేదమో, వ్రాత లేకయే కేవలము సంథ చెప్పుకొనిన కంఠములలో స్వరముతో సహా నిలిచినది. రాగి నిలుపలేనిదానిని బాలుర గొంతులు నిలిపినవి!

"అమ్మా! నీ బిడ్డ చెప్పుచున్న సరళీ స్వరములు అట్టి సంథలే. మానిపింపకుము" అని చెప్పితిమి. ఆ పిల్ల అప్పుడు తల ఎత్తి చూచినది.

మీరును భజనకు కూర్చుండినపుడు వెంటనే గొంతెత్తక, నాలుగు ఊపిరుల కాలము శ్రుతిని వినుడు. ప్రక్కవాని కంఠము మీకు వినబడుచున్నదా యని చూచుకొనుడు. అది వినబడినచో మీ పాట శ్రుతిలో నున్నట్లే.

స్వస్తి.