బూటు ఏదైతేనేం? బిళ్ళ కదలకుండా కడితే చాలు!

కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వెలువడితే చాలు, పల్లెల్లో రోడ్లు కోడి కూయక ముందే నిద్ర లేస్తాయి. చెరువు కట్టల మీద, హైస్కూలు మైదానాల్లో, ఊరి బయట తారు రోడ్ల మీద యువకులు పరుగు తీస్తూ కనిపిస్తారు. ఎంత దూరం పరుగెత్తారని అడిగితే మాత్రం "మర్రిచెట్టు దాకా పోయి వచ్చాం" అన్న జవాబే ఎక్కువ. ఆ మర్రిచెట్టు ఎంత దూరంలో వుందో కొలిచి చూసిన వారు అరుదు.

పరీక్షలో మర్రిచెట్టు లెక్క చెల్లదు. 2022 డిసెంబరులో మొదలైన తెలంగాణ పోలీసు దేహదారుఢ్య పరీక్షల్లో మగవారు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించవలసి వచ్చింది. గడువు దాటితే ఇంటిదారి పట్టడమే. అందుచేత దూరాన్నీ వేగాన్నీ బూటుకు కట్టుకునే చిన్న బిళ్ళతో కొలుచుకునే పద్ధతి ఒకటుందని, దాని మంచిచెడ్డలు ఇవీ అని తెలుసుకోవడం పరుగెత్తే పిల్లలకే కాదు, వారి మీద ఆశలు పెట్టుకున్న పెద్దలకు కూడా అవసరమే.

నడకను లెక్కపెట్టే యంత్రం కొత్తదేమీ కాదు. జపానులో 1965లోనే "మాంపో-కే" అనే పేరుతో నడుముకు తగిలించుకునే మీటరు అమ్మకానికి వచ్చింది. ఆ మాటకు "పదివేల అడుగుల మీటరు" అని అర్థం. రోజుకు పదివేల అడుగులు నడవాలని నేడు ఊరూరా చెప్పుకుంటున్న మాటకు మూలం ఆ పేరే. అయితే అది అడుగులు లెక్కపెట్టేదే గాని, అడుగు ఎంత పొడవో దానికి తెలియదు.

బూటు బిళ్ళ బాగా జనంలోకి వచ్చింది 2006లో. బూట్లు చేసే నైక్ కంపెనీ, ఐపాడ్ అనే పాటల పెట్టె చేసే ఆపిల్ కంపెనీ పొత్తు కలిసి ఆ యేడాది మే నెలలో దీనిని అమెరికాలో ప్రకటించాయి. బిళ్ళ పొడవు అంగుళంన్నర కూడా వుండదు. దాని సంకేతాలను అందుకునే చిన్న ముక్కను పాటల పెట్టెకు తగిలించాలి. రెండూ కలిపి 29 డాలర్లు. పరుగెత్తుతూ పాటలు వినవచ్చు, ఎంత దూరం వచ్చిందీ మధ్యమధ్య చెవిలో వినవచ్చు.

ఇంతకూ ఆ బిళ్ళ చేసే పనేమిటి? పాదం నేలను తాకిన క్షణం నుంచి పైకి లేచే వరకు ఎంతసేపు పట్టిందో అది కనిపెడుతుంది. నెమ్మదిగా నడిచేవాడి పాదం నేల మీద ఎక్కువసేపు నిలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ సమయం తగ్గిపోతుంది. పీర్ల పండుగకు నిప్పులు తొక్కేవాడి కాలు నేల మీద ఎంతసేపు ఆగుతుంది? ఆ తేడాను బట్టి వేగాన్నీ, వేగాన్ని బట్టి దూరాన్నీ లెక్క కడతారు. బిళ్ళలోపల వున్నది అదురును విద్యుత్తుగా మార్చే ఒక చిన్న పలక, రేడియో, బ్యాటరీ మాత్రమే.

కంపెనీ తిరకాసు పెట్టింది బూటు దగ్గర. ఈ బిళ్ళ పట్టేటట్టు ఎడమ బూటు అట్టకింద గుంట తీసిన ప్రత్యేకమైన నైక్ బూట్లు కొనుక్కోవాలన్నది దాని మాట. బిళ్ళకంటే ఆ బూట్లకే ఖరీదు ఎక్కువ! కాని కొన్నవారు అంత అమాయకులు కాదు. కాలు కదిలితే బిళ్ళకు తెలుస్తుందే తప్ప, బూటు మీద ఏ కంపెనీ గుర్తు వున్నదో దానికేం తెలుసు? కొందరు మామూలు బూటులోని మెత్తటి అట్టను కత్తితో తొలిచి అందులో ఇమిడ్చారు. కొందరు గుడ్డసంచి కుట్టి లేసులకు కట్టారు. ఇంకొందరు అతుకుపట్టీతో బూటు నాలుక మీద అంటించారు. కొద్ది కాలంలోనే లేసులకు తగిలించుకునే సంచులు దుకాణాల్లోకి కూడా వచ్చాయి. నేడు గార్మిన్ వంటి కంపెనీల బిళ్ళలు మొదటినుంచీ లేసులకు క్లిప్పుతో పట్టేటట్టే తయారవుతున్నాయి. కాన్వాసు బూటైనా సరే, లేసు వుంటే చాలు.

కట్టడంలోనే వుంది కిటుకు

బిళ్ళ వదులుగా వుంటే కాలితోపాటు కదలక, దాని సొంత ఊపు అది ఊగుతుంది. అప్పుడు వచ్చే లెక్క దూరం లెక్క కాదు, బిళ్ళ ఊగిన లెక్క. అందుకే లేసును రెండుసార్లు దానిమీదుగా తిప్పి బిగించాలి. పాదం పైభాగాన మధ్యలో, చప్పటిగా పడుకునేటట్టు వుంచాలి. అట్టకింద పెట్టేవారు గుంట తీయకుండా ఊరికే దూర్చితే పాదానికి ఒత్తుకుని పొక్కులు లేస్తాయి. ఒకరోజు బూటు మీద, మరొకరోజు అట్టకింద పెట్టడం కూడా మంచిది కాదు. చోటు మారితే లెక్కా మారుతుంది. చెప్పులతోనూ, వట్టి కాళ్ళతోనూ పరుగెత్తేవారికి ఇది పనికిరాదు.

ఎంత బాగా కట్టినా, కొలిచిన దూరం మీద ఒకసారి పరుగెత్తి దానికి నేర్పనిదే బిళ్ళను నమ్మరాదు. ఒకరి కాలి తీరు ఒకరికి వుండదు గదా. ఈ విషయంలో అశ్రద్ధ ఎంత నష్టం తెస్తుందో చూడండి. బిళ్ళ నూటికి అయిదు వంతులు ఎక్కువ చూపుతున్నదనుకుందాం. అది 1600 మీటర్లు అన్నప్పుడు కుర్రవాడు నిజంగా పరుగెత్తినది 1520 మీటర్ల చిల్లర మాత్రమే. 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తయిందని సంతోషపడతాడు. తీరా మైదానంలో మిగిలిన దూరానికి మరో 20 సెకన్లకు పైగా కావాలి. నెలల తరబడి పడిన కష్టం ఆ 20 సెకన్లలో కొట్టుకుపోతుంది.

మరి కొలిచిన దూరం ఎక్కడిది? 400 మీటర్ల ట్రాకు వున్న ఊళ్ళు ఎన్ని? ఇందుకు మన ఇంటి సైకిలే దిక్కు. ఇది నాటు పద్ధతి అని చిన్నచూపు చూడనక్కరలేదు. ప్రపంచంలోని పెద్ద మారథాన్ల దారులను నేటికీ సైకిలుతోనే కొలుస్తారు! 1971లో అమెరికాకు చెందిన అలన్ జోన్స్ అనే ఆయన, కుమారుడితో కలిసి సైకిలు ముందు చక్రం తిరుగుళ్ళను లెక్కపెట్టే మీటరు తయారుచేశారు. ఆ మీటరు "జోన్స్ కౌంటర్" అన్న పేరుతోనే వాడుకలో వుంది. ముందుగా ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద సైకిలు తొక్కి, ఆ తర్వాతే దారి కొలవడం వారి పద్ధతి.

మీటరు లేనివారు టైరుకు సుద్దముక్కతో గీత పెట్టుకుంటే సరిపోతుంది. గాలి నిండుగా కొట్టించి, మనిషి ఎక్కి కూర్చున్న తర్వాత పది చుట్లు తిప్పి, ఆ దూరాన్ని టేపుతో కొలిచి పదితో భాగించాలి. చుట్టుకు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చిందంటే 182 చుట్లకు 400 మీటర్లు. అక్కడ ఒక రాయి పాతుకుంటే 7 నిమిషాల 15 సెకన్ల పరుగుకు రాయి నుంచి రాయికి 1 నిమిషం 48 సెకన్ల పైచిలుకు పడాలని చేతి గడియారమే చెబుతుంది. ఆడపిల్లల 800 మీటర్లకైతే 2 నిమిషాల 40 సెకన్లు. బిళ్ళ కొనే స్తోమత లేనివారికి ఈ రాయే చాలు. కొన్నవారికైతే బిళ్ళ తప్పును పట్టి ఇచ్చేదీ ఈ రాయే.

బిళ్ళ చాడీ చెప్పింది

2006లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ప్రతి నైక్ బిళ్ళకూ ఒక సొంత నంబరు వుంటుంది. మనిషి నడిచినంతసేపూ, పాటల పెట్టె దగ్గర లేకపోయినా, అది ఆ నంబరును గాలిలోకి పంపుతూనే వుంటుంది. సుమారు 60 అడుగుల దూరం నుంచి దానిని పట్టవచ్చునని వారు చేసి చూపారు. అంటే ఎవరు ఏ వేళకు ఏ దారిన పోయిందీ మరొకరు కూర్చున్నచోటనే కనిపెట్టవచ్చునన్నమాట. బిళ్ళను ఆపడానికి ఒక మీట వుంది గాని, కలం మొనతో నొక్కి ఆపే ఓపిక ఎందరికి వుంటుంది?

పరీక్షల్లో కట్టే చిప్ దీనికి చుట్టమే గాని దాని పని వేరు. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 1996లో బూటు లేసుకు కట్టే చిప్ వాడారు. నేల మీద పరచిన పట్టాను దాటినప్పుడు అది తన నంబరు చెబుతుంది, గడియారం సమయం రాసుకుంటుంది. దానికి దూరం తెలియదు, వేగం తెలియదు. తెలంగాణ పోలీసు పరీక్షల్లో పరుగు సమయాన్ని నమోదు చేసింది కూడా ఈ తరహా ఆర్.ఎఫ్.ఐ.డి. చిప్పే. పట్టా దాటేవరకు పరుగు ముగిసినట్టు కాదని దీన్ని బట్టి గ్రహించాలి. గీత దగ్గరపడిందని ముందే వేగం తగ్గించేవారు నష్టపోయేది ఇక్కడే.

చౌకగా వచ్చిందని పాత నైక్ బిళ్ళను ఎవరైనా అంటగట్టజూస్తే తీసుకోకపోవడం మంచిది. ఆ పాత సామగ్రికి కంపెనీ 2018లో మద్దతు ఆపివేసింది. లోపలి బ్యాటరీ సుమారు వెయ్యి గంటలు పనిచేస్తుంది, తర్వాత మార్చడానికి వీలులేకుండా మూసివేశారు. క్లిప్పు బిళ్ళ కొనేవారు కూడా బ్యాటరీ మార్చుకోవచ్చునా లేదా, తమ వద్ద వున్న ఫోనుతో అది కలుస్తుందా లేదా అన్న రెండు సంగతులూ దుకాణంలోనే కట్టించి, నాలుగడుగులు వేసి చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.