చెరువు చేపకు వరద కబురు: 1957లో అంగుల్‌లో జరిగింది ఇదీ

బరంపురం, రాయగడ, జయపురం బజార్లలో చేపలు కొనే మన తెలుగు ఇళ్లకు ‘ఆంధ్రా చేప’ అన్న మాట కొత్త కాదు. కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే శీలావతి, బొచ్చెలకు ఆ పేరు. శీలావతినే ఇక్కడ రోహు అంటారు. ఆ వ్యాపారమంతా చేపపిల్లల మీద నిలబడి ఉంది. ఆ పిల్లల కథ మాత్రం మొదలైంది ఒడిశాలోనే, కటక్‌కు వాయవ్యంగా ఉన్న అంగుల్‌లో.

శీలావతి, బొచ్చె, మోసు చెరువులో బాగా పెరుగుతాయి. వానలు పడేసరికి ఆడచేప పొట్ట నిండా గుడ్లుంటాయి. శీలావతిలో కిలో బరువుకు రెండు మూడు లక్షలు! కానీ చెరువులో అది గుడ్లు పెట్టదు. అదను దాటితే ఆ గుడ్లు ఒంట్లోనే కరిగిపోతాయి. అందుకే పూర్వం వరదల వేళ నదుల్లో వలలు కట్టి, దొరికిన పిల్లలను కుండల్లో మోసుకొచ్చేవారు. వాటిలో తోటి చేపలను తినే జాతుల పిల్లలూ కలిసి ఉండేవి. తన చెరువులో ఏం పెరుగుతోందో రైతుకు నెలలు గడిస్తే గాని తెలిసేది కాదు.

లోపం చేపలో లేదు, కబురు అందకపోవడంలో ఉంది. నదిలో వరద నీరు, ప్రవాహం, మారే వేడి చేప మెదడును కదిలిస్తాయి. మెదడు కింద చిన్న గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దాన్నే పిట్యూటరీ అంటారు. అది విడిచే హార్మోన్లు రక్తంలో కలిస్తేనే గుడ్లు చివరి దశకు పండి విడుదలవుతాయి. నిలవ నీటిలో ఆ గ్రంథికి పిలుపు రాదు.

మరి ఇంకో చేప గ్రంథి తీసి ఆ రసం ఎక్కిస్తే? 1930లలోనే బ్రెజిల్‌లో ఈ పద్ధతి ఫలించింది. మన కార్ప్ చేపల్లో దాన్ని సాధించినవారు హీరాలాల్ చౌధురి. 1957 జులై 10న అంగుల్‌లో ఆయన, సహచరుడు కె.హెచ్. అలికున్హి కలిసి ఆ పని చేశారు. ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరిపేది అందుకే.

పద్ధతి చెబితే ఇంతేనా అనిపిస్తుంది. గుడ్లు పండిన చేప తలలోంచి గ్రంథిని తీసి, ఆల్కహాల్‌లో నిలవచేసి, నూరి, ఆ రసాన్ని ఎక్కిస్తారు. ఆడచేపకు మొదట కిలోకు 2-3 మిల్లీగ్రాములు, సుమారు ఆరు గంటల తర్వాత 5-8 మిల్లీగ్రాములు. మగచేపకు రెండో విడతలో ఒక్కసారే, తక్కువ మోతాదు. ఒక ఆడదాన్ని, రెండు మగవాటిని హాపా అనే గుడ్డ తొట్టిలో వదిలితే కొన్ని గంటల్లో గుడ్లు పెడతాయి. మర్నాటికి పిల్లలు. కష్టమంతా గ్రంథి నాణ్యతలోనే ఉంది: పచ్చి చేప గ్రంథి తెస్తే మోతాదు సరిగ్గా ఉన్నా ఫలితం రాదు.

ఇప్పుడు హేచరీల్లో గ్రంథుల బదులు కృత్రిమ హార్మోన్ ఇంజెక్షన్లే ఎక్కువ. వాటిలో రెండు మందులుంటాయి. ఒకటి పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. చేప మెదడులో డోపమిన్ ఆ గ్రంథికి బ్రేకులా పనిచేస్తుంది. రెండోది ఆ బ్రేకును తీసేస్తుంది. ఒక్క విడత చాలు. పని సులువైంది.

చిక్కు కూడా ఆ సులువులోనే ఉంది. పిల్లలు లక్షల్లో వస్తుంటే కొందరు హేచరీవారు అవే కొద్దిపాటి తల్లి చేపలను, వాటి పిల్లలను మళ్లీ మళ్లీ జతకట్టిస్తారు. దగ్గరి రక్తం కలిసేకొద్దీ ఎదుగుదల తగ్గుతుంది. మేత అంతే తిన్నా బరువు రాదు. నష్టం రైతుది.

దీనికి విరుగుడు కూడా ఒడిశా నుంచే వచ్చింది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల రోహులను తెచ్చి, స్థానిక రకంతో కలిపి, వేగంగా పెరిగేవాటిని తరం తరం ఎంచుకుంటూ వచ్చింది. 1997లో విడుదలైన ఆ రకమే జయంతి రోహు. తరానికి సగటున సుమారు 17 శాతం ఎదుగుదల పెరిగింది.

చెరువున్నవారు పిల్లల ధర ఎలాగూ అడుగుతారు. తల్లి చేపలు ఎక్కడివి, ఎన్నేళ్లకోసారి కొత్తవి తెస్తున్నారు అని కూడా ఈ వానాకాలం అడిగి చూడండి.