పేరాంబ్ర నర్సు

మా వీథిలోని యొక బాలిక నర్సు విద్య నభ్యసింప గోరుచున్నది. ఆ పిల్ల నాయనమ్మ కది యిష్టము లేదు. మొన్న సాయంకాలమామె మా యరుగుమీద కూర్చుండి, "ఊరివారి మలమూత్రములెత్తు పని మన పిల్లకేల తల్లీ? పంతులుగారిచేత నొకమాట చెప్పింపుము" అని నన్ను కోరెను. మా యింటివారితో చెప్పుట కంటె ముందు ఆమెకే నొక సంగతి చెప్పితిని. దానినే సోదరీమణులకును విన్నవించుచున్నాను.

కేరళ దేశమున కోళిక్కోడు జిల్లాలో పేరాంబ్ర యను నూరు కలదు. అచ్చటి తాలూకా ఆసుపత్రిలో లినీ పుతుస్సేరి యను నామె నర్సుగా నుండెడిది. స్థిరమైన కొలువైనను గాదు, తాత్కాలికపు టుద్యోగము. భర్త బహ్రెయినులో పనిచేయుచుండెను. ఇద్దరు కుమారులు, పెద్దవానికైదేండ్లు, చిన్నవానికి రెండేండ్లు. 2018 మే మాసారంభమున నొక యువకుడు తీవ్రజ్వరముతో నా యాసుపత్రిలో చేరెను. అది యే జ్వరమో యెవ్వరికిని తెలియదు. రాత్రివేళ పనిలోనున్న లినీ యాతనికి పరిచర్య చేసెను. అతడు 5వ తేదీన మరణించెను. రెండు వారములు గడవకమున్నే యతని సోదరుడు, పిమ్మట బంధువొకరు పోయిరి. అప్పుడు గాని యది నిపా యని తేలలేదు.

నిపా యనునది మలేషియాలోని యొక గ్రామము పేరు. 1998-99 సంవత్సరములలో నచ్చట పందులనుండి మనుష్యులకీ వ్యాధి సోకెను. ఫలములు తిను గబ్బిలముల దేహములం దీ సూక్ష్మక్రిమి యుండును. వానికి మాత్రము హాని చేయదు. మన దేశమున 2001లో సిలిగురియందు మొదట కనబడినపుడు, సోకినవారిలో పెక్కురు ఆసుపత్రి సిబ్బందియు, రోగులను చూడవచ్చిన వారునే. గుమ్మమునుండి పలుకరించి పోయిన వానికి గాదు, చెమట తుడిచి, వాంతి యెత్తి, తలాపున కూర్చున్న దానికే యిది ముందుగా నంటును. ఇంతకంటె నన్యాయమైన వ్యాధి యుండునా యని నాకు తోచినది.

లినీకి జ్వరము తగిలెను. తాను పరిచర్య చేసిన రోగి లక్షణములే తనయందును కనబడగా, తన్నొంటరిగా వేరుగదిలో నుంచుడని ఆమెయే వైద్యులను కోరెను. సోదరీమణులారా, ఈ కోరిక యెట్టిదో యోచింపుడు. మనకు కొంచెము వేడి తగిలినచో తల్లి చేయి నుదుటిపై నుండవలె ననుకొందుము. పిల్లలు మంచము చుట్టు తిరుగుచుండిన ధైర్యముగా నుండును. ఆ చేతిని, ఆ పిల్లలను, తోడి నర్సులను గూడ ఆమె తానే దూరముగా నుంచినది. ఆమెకు తెలియును, తనకు సేవచేయు చేతులకే ప్రమాదమని.

ఆ గదినుండి భర్తకొక చిన్న యుత్తరము వ్రాసెను. మరల చూచుట కలుగునని తోచుటలేదని, క్షమింపుమని, పిల్లలను బాగుగా చూచుకొమ్మని, చిన్నవానిని తనతో గల్ఫునకు తీసికొని పొమ్మని, ఒంటరిగా నుండవలదని. అంతే. తనకు వ్యాధి నంటించిన రోగిమీద నొక్క నిష్ఠురపు మాటయైనను లేదు. మే 21వ తేదీన నామె మరణించెను. దేహమును బంధువుల కీయక, సోకునను భయముచేత వెంటనే దహనము చేసిరి.

ఆ యేడు కేరళమున నిపాచే 17 మంది మరణించిరి. ప్రభుత్వము భర్తకుద్యోగమును, పిల్లలకు చెరి పది లక్షల రూపాయలను ప్రకటించెను. నర్సుల కిచ్చు జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారము 2019లో ఆమె పేర వచ్చినది. ఇవి యన్నియు తగినవే. కాని ఆ దినములలో పేరాంబ్ర యాసుపత్రి నర్సులు బస్సెక్కినచో ప్రక్కవారు లేచి దూరముగా పోయిరట! ఆటోలవారు ఎక్కించుకొనరైరట! పురస్కారముల నిచ్చువారు వేరు, ప్రక్కనుండి లేచిపోవువారు వేరు కాబోలు.

ఇంతవరకు విని, మామ్మగారు చాలసేపు మాటాడలేదు. "ఆ చిన్నవాడు తల్లిని కడసారి చూచినాడా?" అని యడిగెను. లేదంటిని. ఆమె కన్నులొత్తుకొని లేచి యింటికి పోయెను.

మరునాడు తెల్లవారకమున్నే పాలచెంబుతో వచ్చి, "ఆ చదువెన్ని యేండ్లు?" అనెను. నాలుగేండ్లంటిని. "అచ్చటి భోజనమెట్లుండునో, పిల్ల కారము తినలేదు" అని సణుగుకొనుచు వెడలినది. ఔనని మాత్ర మింకను అనలేదు.