మీకు తెలుసా? మారిషస్‌లో చూసేదొకటి, ఉన్నదొకటి

హనీమూన్ ప్యాకేజీల పుణ్యమా అని మారిషస్ అనగానే మనకు నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరాకుల నీడ గుర్తుకొస్తాయి. ఆ మూడూ అక్కడ ఉన్నాయి, కాదనను. కానీ హిందూ మహాసముద్రంలోని ఈ దీవి అందాల్లో సగం కంటికి కనిపించినట్టుగా ఉండవు. అగాధం అనుకున్నది ఇసుక అవుతుంది, అడవి అనుకున్నది ఎవరో తెచ్చి నాటిన మొక్క అవుతుంది. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఇంత చిన్న చోట ఇన్ని కనికట్లు ఎలా ఇమిడాయో చూడండి.

సముద్రం అడుగున జలపాతం ఉందా?

సముద్రం మధ్యలో నీళ్లన్నీ పాతాళంలోకి దూకుతున్నట్టుండే ఫొటో మీ ఫోన్‌కు కూడా వచ్చే ఉంటుంది. అది దీవి నైరుతి కొసన, లె మోర్న్ కొండ పక్కన తీసింది. ఫొటో నిజమే, జలపాతమే అబద్ధం. మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ దడి కట్టినట్టు ఉంటుంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నిలిచే లోతులేని ఉప్పునీటిని లగూన్ అంటారు. లె మోర్న్ దగ్గర ఆ దడికి ఒక గండి ఉంది. లగూన్‌లోని తెల్లటి ఇసుక, మన్ను ప్రవాహంతో పాటు ఆ గండిలోంచి బయటి లోతుల్లోకి జారిపోతుంటాయి. జారే ఇసుక తెలుపు, లోతు నీటి నలుపు పక్కపక్కన పడి, పైనుంచి చూసే కంటికి జలపాతమే అనిపిస్తాయి. హెలికాప్టర్ ఎక్కితేనే ఈ వింత. ఒడ్డున నిలబడితే మామూలు సముద్రమే.

తమాషా ఏమిటంటే, అసలైన సముద్రగర్భ జలపాతం ఒకటి భూమ్మీద ఉంది. గ్రీన్‌లాండ్‌కూ ఐస్‌లాండ్‌కూ మధ్య డెన్మార్క్ జలసంధిలో చల్లటి బరువైన నీరు, తేలికైన నీటి కిందికి మూడు కిలోమీటర్లకు పైగా దిగిపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. ఉన్నదానికి ఫొటో లేదు, ఫొటో ఉన్నది లేదు!

ఆ దీవి రాయికీ ఆదిలాబాద్ రాయికీ చుట్టరికం ఉందా?

ఉంది, అదీ దగ్గరి చుట్టరికమే. భూగర్భం నుంచి శిలాద్రవం ఎగదన్నే చోట్లు కొన్ని ఉంటాయి. పైన ఖండాలూ సముద్రాలూ కదిలిపోతున్నా, కింద ఆ పొయ్యి మాత్రం ఉన్నచోటనే మండుతుంటుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం మన దక్కన్ అలాంటి ఒక పొయ్యి మీదుగా సాగింది. అప్పుడు పొంగిన లావాయే మహారాష్ట్ర నుంచి ఆదిలాబాద్, వికారాబాద్ వైపు దాకా పరుచుకున్న నల్లరాయి. నల్లరేగడి నేలల్లో చాలా భాగం ఆ రాయి అరిగి ఏర్పడినవే. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కనిపించే రాయి కూడా పశ్చిమాన పొంగి, సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన లావాయే కావచ్చని శాస్త్రజ్ఞుల అంచనా.

భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ పోయింది. పొయ్యి ఆరలేదు. లక్షదీవులు, మాల్దీవుల కింద ఉన్న లావా గట్టు ఆ ప్రయాణపు జాడే. సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం అదే పొయ్యి సముద్రం మీదికి మారిషస్‌ను ఎత్తింది. ఇప్పుడు మారిషస్ కూడా పక్కకు జరిగింది. రెండు వందల కిలోమీటర్ల దూరంలోని రీయూనియన్ దీవిలో ఆ అగ్నిపర్వతం నేటికీ లావా కక్కుతోంది. అంటే రంగారెడ్డి, వికారాబాద్ రైతు దున్నే నల్లమట్టికీ మారిషస్ చెరకు తోటలోని బండకూ పుట్టిల్లు ఒకటే.

కథ ఇక్కడితో ఆగలేదు. ఆ కుర్ర దీవి రాళ్లలో 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ స్ఫటికాలు దొరికాయని 2017లో భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దీవి వయసు లక్షల్లో, దాని కడుపులోని రేణువు వయసు కోట్లలో! భారత్, మడగాస్కర్ విడిపోయినప్పుడు మధ్యలో మునిగిపోయిన ఖండపు ముక్క ఒకటి దీవి కింద ఉండాలని, పైకొస్తున్న లావా ఆ స్ఫటికాలను వెంట తెచ్చిందని వాళ్ల వాదన. ఆ ముక్కకు మారిషియా అని పేరు పెట్టారు.

ఏడు రంగుల నేలకు రంగులు ఎవరు వేశారు?

వాన వేసింది. చామరెల్ అనే ఊరి దగ్గర గడ్డి పరక కూడా మొలవని చిన్న చిన్న మట్టి దిబ్బలున్నాయి. ఎరుపు, గోధుమ, ఊదా, నీలం, పసుపు చారలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. ఉష్ణమండలపు వేడికి, వానకు లావా రాయి కుళ్లి మట్టిగా మారింది. నీటిలో కరిగేవన్నీ కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఇనుము వల్ల ఎరుపు ఛాయలు, అల్యూమినియం వల్ల నీలి, ఊదా ఛాయలు వచ్చాయంటారు. ఈ మట్టిని గాజు గొట్టాల్లో పోసి అమ్ముతారు. కుదిపి వదిలేస్తే రంగులు మళ్లీ వేటికవి సర్దుకుంటాయని చెప్పి మరీ అమ్ముతారు.

నా మాట అడిగితే, ఫొటోలు చూసి కొండలకు కొండలు రంగులమయం అనుకుని వెళ్లకండి. చుట్టూ కంచె వేసిన చిన్న జాగా అది, అరగంటలో తిరిగి రావచ్చు. వెళ్లే దారిలోనే 80 మీటర్లకు పైనుంచి దూకే చామరెల్ జలపాతం ఉంది. నాకైతే దాని ముందు ఈ మట్టి తేలిపోతుంది.

ఆ కొండ పోస్ట్‌కార్డు మీదికి ఎక్కకముందు ఎవరిది?

లె మోర్న్ ఎత్తు 556 మీటర్లే. మూడు వైపులా సముద్రం, నిట్టనిలువు గోడలు. పెళ్లి ఫొటోలకు దీన్ని మించిన తెర దొరకదు. కానీ 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది అందం చూసి కాదు. 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు యజమానుల నుంచి పారిపోయి ఈ కొండ గుహల్లో, శిఖరం మీద దాక్కున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికే కొండెక్కిన పోలీసులను చూసి, పట్టుకుపోవడానికి వచ్చారనుకుని వాళ్లు పైనుంచి దూకేశారని అక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటారు. ఇప్పటికీ ఫిబ్రవరి 1 అక్కడ సెలవు దినం.

మారిషస్ జాతీయ పుష్పం, చెవి జూకాలా వేలాడే ఎర్రటి ట్రోకేషియా, ప్రపంచం మొత్తమ్మీద సహజంగా పెరిగేది ఈ ఒక్క కొండ మీదే.

పువ్వులో ఎర్రటి తేనె ఎవరికోసం?

మామూలుగా మకరందానికి రంగుండదు. ఉన్నా తేలిక పసుపు. ఈ దీవిలో మాత్రం కొన్ని పూల అడుగున నెత్తుటి చుక్కలాంటి ఎర్ర మకరందం నిలుస్తుంది. జాతీయ పుష్పం వాటిలో ఒకటి. జలపాతాల పక్కన నిటారు రాళ్లకు వేలాడే నెసోకోడన్ మరొకటి. శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే తేలిందేమిటంటే, పగటిపూట తిరిగే పచ్చటి బల్లులు రంగులేని తేనె కంటే రంగు తేనెనే ఎంచుకుంటున్నాయి. అంటే తుమ్మెదను పిలిచే పని మానేసి, పువ్వు బల్లిని పిలుస్తోందన్నమాట! బల్లి పడితే శాస్త్రం చూసుకునే మనకు ఇది కొంచెం మింగుడు పడని విషయమే.

పచ్చదనమంతా అడవేనా?

కాదు. మారిషస్‌లో విమానం దిగుతుంటే కనిపించే పచ్చదనంలో చాలా భాగం చెరకు. ఆ చెరకును డచ్చివారు తెచ్చారు. కొండల్లో పరుగెత్తే దుప్పులను 1639లో జావా నుంచి తెచ్చారు. దేశ రాజముద్రలో డోడో పక్షికి ఎదురుగా నిలబడ్డది ఆ దుప్పే. కోతులు కూడా ఓడ దిగినవే. దీవికి సొంతమైన అడవి మంచి స్థితిలో మిగిలింది రెండు శాతం లోపే. అందులో ముఖ్యమైన భాగం 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కులో ఉంది.

చెరకు తోటల మధ్య అక్కడక్కడా నల్లటి రాతి గుట్టలు కనిపిస్తాయి. కొన్ని మెట్లు మెట్లుగా ఎంత తీరుగా ఉంటాయంటే, ఇవి ప్రాచీన పిరమిడ్లని ప్రచారం చేసేవాళ్లూ బయల్దేరారు. చెరకు నాటడానికి నేల చదును చేస్తూ కూలీలు ఏరి పేర్చిన లావా రాళ్లవి. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవిలో దిగారు. వాళ్లలో కోరంగి రేవు మీదుగా, విశాఖ, గోదావరి సీమల నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతానం నేటికీ సింహాద్రి అప్పన్నకు మొక్కుతుంది, రామభజనం చేస్తుంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ మారిషస్‌లోనే. ప్రకృతి అందాల జాబితాలో రాతి గుట్టలను ఎవరూ చేర్చరు. నేను చేరుస్తాను.

కొండ మీది చెరువులోకి గంగ ఎలా వచ్చింది?

గ్రాండ్ బాసిన్ ఒకప్పటి అగ్నిపర్వత బిలంలో నిలిచిన సరస్సు. చుట్టూ కొండలు, తరచూ మంచు తెర. 1897లో ట్రియోలె ఊరి పూజారి ఒకరికి ఈ నీళ్లకు గంగతో సంబంధం ఉన్నట్టు కల వచ్చిందట. అప్పటినుంచి శివరాత్రికి జనం కాలినడకన కావళ్లతో ఇక్కడికి రావడం మొదలైంది. 1972లో గంగ నుంచి తెచ్చిన నీటిని నిజంగానే ఇందులో కలిపి గంగా తలావ్ చేశారు. ఒడ్డున ఇప్పుడు 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది.

డోడో పోయింది, సరే. ఉన్నవాటి సంగతి?

1598లో డచ్చి నావికులు దిగారు, వందేళ్లు తిరక్కుండానే డోడో పోయింది. మనుషులు తిన్నదానికంటే ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లను తిన్నదే ఎక్కువ నష్టం చేసిందంటారు. కోడిలా, బాతులా కనిపించే డోడో నిజానికి పావురాల వంశం. బతికున్న వాటిలో దానికి అతి దగ్గరి బంధువు మన నికోబార్ పావురం.

డోడో కథ అందరూ చెబుతారు, మారిషస్ డేగ కథ ఎవరూ చెప్పరు. మలేరియా దోమల కోసం చల్లిన డీడీటీ దెబ్బకు, అడవి నరికివేతకు 1974 నాటికి ప్రపంచంలో ఆ డేగలు నాలుగే మిగిలాయి. కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు గుడ్లను జాగ్రత్తగా తీసి, పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో వదిలారు. డేగలు వందల్లోకి పెరిగాయి. పదికి పడిపోయిన గులాబీ పావురాలను కూడా ఇలాగే నిలబెట్టారు.

మాహెబూర్ ఊరికి ఎదురుగా, ఒడ్డుకు కిలోమీటరు లోపే ఇల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల బుల్లి దీవి ఉంది. దీని సొంత రాక్షసి తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. తాబేలు తిని విసర్జిస్తే తప్ప నల్లచేవ చెట్ల విత్తనాలు దూరదూరంగా పడవు. అందుకని 2000లో సీషెల్స్‌లోని అల్డాబ్రా తాబేళ్లను తెచ్చి ఆ ఉద్యోగంలో పెట్టారు. బదులు వచ్చినవి పని బాగానే చేస్తున్నాయి.

ఇంకా కొన్ని, క్లుప్తంగా

- నల్లటి లావా దీవికి తెల్లటి బీచ్ ఎక్కడిది? ఇసుక రాతిది కాదు, పగడాలది, గవ్వలది. పగడాన్ని కొరికి తిని ఇసుకగా విసర్జించే చిలుకచేపల చేయి కూడా ఇందులో ఉంది.

- దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర పగడపు దడి లేదు. అలలు నేరుగా కొండను కొడతాయి. చూడటానికి అద్భుతం, దిగడానికి ప్రమాదం.

- 820 మీటర్ల పీటర్ బోత్ శిఖరం మీద మనిషి తలలాంటి పెద్ద బండ నిలబడి ఉంది. పక్కనున్న లె పూస్ కొండను 1836లో చార్లెస్ డార్విన్ ఎక్కాడు.

- క్యూర్‌పీప్ ఊరి వృక్షోద్యానంలో ఒక తాటిజాతి చెట్టు ఉంది. ఆ జాతికి ప్రపంచంలో మిగిలింది అదొక్కటే.

ఎప్పుడు వెళ్లాలి?

భూమధ్యరేఖకు అవతల కాబట్టి కాలాలు తలకిందులు. డిసెంబరులో తురాయి చెట్లు ఎర్రగా పూస్తాయి, ఉగాది నాటికి వేసవి చివరికొస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం ఎక్కువ. మే నుంచి నవంబరు వరకు హాయి.

వెళ్లేముందు ఒక సంగతి. 2020 జులై 25న వకాషియో అనే సరుకు నౌక ఆగ్నేయ తీరంలో దిబ్బకెక్కి, వెయ్యి టన్నుల దాకా చమురు లగూన్‌లోకి వదిలింది. జనం చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి, కుట్టి, తేలే కట్టలుగా సముద్రంలో వేసి అడ్డుకున్నారు. వాళ్లు అంత కష్టపడి కాపాడుకున్న తీరం నుంచి పగడపు ముక్కో గవ్వో బ్యాగులో వేసుకుని రాకండి. బీచ్‌కు అనుకున్న రోజుల్లోంచి ఒక పూట తీసి ఇల్ ఓ ఎగ్రెట్‌కు వెళ్లండి. గైడ్ లేకుండా పంపరు, టికెట్ డబ్బు అక్కడి పక్షుల, తాబేళ్ల సంరక్షణకే పోతుంది.